గోండుల చేనుకు పట్టా అడిగిన దొర: హైమన్‌డార్ఫ్ జీవిత విశేషాలు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పట్టా అనే మాట తెలియని గిరిజన కుటుంబం ఉండదు. పట్టా ఉంటే చేను తమది. లేకుంటే అదే చేను ఒకరోజు అడవి అవుతుంది, మరొకరోజు షావుకారుది అవుతుంది. ఈ సంగతి ఎనభై ఏళ్ల కిందటే గ్రహించి, గోండులకు, కొలాములకు వారు దున్నుతున్న భూమిని రాసి ఇవ్వాలని నైజాం సర్కారుకు నచ్చజెప్పినవాడు ఒక విదేశీయుడు. ఆయన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. జైనూర్ మండలం మార్లవాయి వాసులకు ఆయన ఇంటి మనిషి కిందే లెక్క. ఆయన, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ ఇద్దరి సమాధులూ ఆ ఊళ్లోనే ఉన్నాయి.

అడవిని కాపాడాలి, జిల్లా అభివృద్ధి కావాలి, అడవిలో పుట్టిన మనిషి బతకాలి. ఈ మూడింటికీ పొత్తు కుదిరే చట్టం ఎలా ఉండాలన్న ప్రశ్న నేటికీ తెగలేదు. హైమన్‌డార్ఫ్ జీవితంలో సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

వియన్నా నుంచి హైదరాబాదుకు

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా దేశ రాజధాని వియన్నాలో కలిగినవారి కుటుంబంలో జన్మించారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రం చదివి, 1931లో డాక్టరేట్ పొందారు. తరువాత లండన్ వెళ్లి ఆ శాస్త్రంలో పేరుమోసిన మాలినోవ్‌స్కీ వద్ద శిక్షణ పొందారు. పుస్తకాలు చదివి గిరిజనుల గురించి రాయడం కాదు, వారి మధ్య నివసించి, వారి భాష నేర్చి, వారు తినేది తిని రాయాలన్నది అక్కడ ఆయన నేర్చుకున్న పాఠం. 1936లో మొదటిసారి మన దేశానికి వచ్చి, ఈశాన్యంలోని నాగా కొండల్లో గడిపారు.

1938లో బెట్టి బర్నార్డోను వివాహం చేసుకున్నారు. ఆమె పేరుకు మాత్రమే భార్య కాదు. ఏ కొండకు వెళ్లినా ఆయన వెంట నడిచింది. ఆడవాళ్ల సంగతులు అడిగి తెలుసుకోవడం, జనాభా లెక్కలు రాసుకోవడం, గుడారం నడపడం అంతా ఆమె చూసుకునేది. ఆయన పుస్తకాల్లో ఆమె కష్టం సగం ఉంది.

1939లో దంపతులు మళ్లీ భారతదేశం చేరారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అంతకు ముందు ఏడాదే జర్మనీ కలుపుకున్నందువల్ల హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వారి దృష్టిలో ఆయన శత్రుదేశీయుడయ్యారు. నిర్బంధంలో పడవలసినవాడు, తెలిసిన అధికారుల చలువ వల్ల నైజాం రాజ్యం దాటిపోరాదన్న కట్టుబాటుతో బయటపడ్డారు. ఆ విధంగా యుద్ధం ఆయనను తెలంగాణ అడవుల్లోకి నెట్టింది.

ఖాళీగా కూర్చునే స్వభావం కాదు ఆయనది. 1940లో అమ్రాబాద్ కొండల మీది చెంచుల పెంటల్లో తిరిగారు. 1941లో గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య గడిపారు. వెదురు కంట్రాక్టర్ల చేతుల్లో కొండరెడ్లు పడుతున్న పాట్లు కళ్లారా చూశారు. తరువాత ఆదిలాబాద్ జిల్లాకు వచ్చారు.

జోడేఘాట్ కాల్పుల తరువాత

ఆయన వచ్చేనాటికి జిల్లా ఉడికిపోయి ఉంది. అంతకు ముందు ఇరవై ఏళ్లుగా సర్కారు అడవికి హద్దులు గీస్తూ వచ్చింది. హద్దు లోపల పడిన చేలను వదిలి పొమ్మని జంగ్లాత్ సిబ్బంది తరిమారు. కొన్ని గూడేలను తగలబెట్టారు. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే పన్ను, నాగలికి దుంగ నరికితే జుల్మానా. అధికారులకు మొక్కి, హైదరాబాదు దాకా అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది.

ఆసిఫాబాద్ తాలూకా బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో కొమురం భీము జనాన్ని కూడగట్టింది ఈ స్థితిలోనే. చుట్టుపక్కల పన్నెండు గూడేల భూమి తమదేనని, జంగ్లాత్ జోక్యం ఉండరాదని వారు పట్టుబట్టారు. 1940లో నైజాం పోలీసులు జోడేఘాట్ కొండను చుట్టుముట్టి కాల్పులు జరిపారు. భీము, ఆయన అనుచరులు కొందరు నేలకొరిగారు.

తిరుగుబాటు అణిగింది కానీ సర్కారుకు నిద్ర పట్టలేదు. శాంతంగా చేను దున్నుకునే గోండులు ఆయుధం ఎందుకు పట్టారో తేల్చమని హైమన్‌డార్ఫ్‌కు పని అప్పగించింది. ఆయన నేరుగా కాల్పులు జరిగిన ప్రాంతానికే వెళ్లారు. బతికి బయటపడ్డ వారితో మాట్లాడారు. భూమి నుంచి వెళ్లగొట్టడమే తిరుగుబాటుకు మూలమని, అర్జీలు విన్నవాడు ఒక్కడున్నా తుపాకీ పేలి ఉండేది కాదని సర్కారుకు తేల్చి చెప్పారు. సర్కారు జీతం మీద పనిచేస్తూ సర్కారుదే తప్పని రాయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. పైగా ఆయన అప్పటికి కట్టుబాటులో ఉన్న విదేశీయుడు.

మార్లవాయిలో మకాం

హైమన్‌డార్ఫ్ దంపతులు బంగళాలో దిగలేదు. మార్లవాయిలో గోండుల గుడిసెల పక్కనే గుడిసె వేసుకున్నారు. ఆయన గోండి నేర్చుకున్నారు. దండారి ఆడే రోజుల్లో గుస్సాడీల వెంట ఊరూరా తిరిగారు. పెన్ కొలుపులు, పెళ్లిళ్లు, చావులు అన్నింటికీ హాజరయ్యారు. ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ చెప్పే గోండుల పుట్టుపూర్వోత్తర కథలను రాసుకున్నారు. ఏ ఇంటికి ఎన్ని ఎడ్లు, ఎంత చేను, షావుకారుకు ఎంత బాకీ అన్నది కూడా అంతే శ్రద్ధగా రాసుకున్నారు.

గోండుల పురాణం ఎంత తెలుసుకున్నా వారి బాకీ తెలియకుంటే ఆ విద్య కొరగాదని ఆయన వరస చెబుతుంది. ఈ పరిశోధనల ఫలితంగా 1948లో ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన గ్రంథం వెలువడింది. అంతకు ముందే 1945లో చెంచులు, కొండరెడ్లు, గోండులు తదితరుల పరిస్థితి మీద ఆయన సర్కారుకు ఇచ్చిన నాలుగు నివేదికలు అచ్చయ్యాయి.

బీడు అడవిగా మారిన తీరు

ఆ రోజుల్లో అధికారులు చెప్పే మాట ఒకటుండేది. గిరిజనులు అడవిని నరికి పాడుచేస్తున్నారు, వారిని బయటికి పంపితేనే అడవి మిగులుతుంది. హైమన్‌డార్ఫ్ ఈ మాటను అలాగే కొట్టిపారేయలేదు, అలాగే ఒప్పుకోనూ లేదు. చేను చేనుకూ తిరిగి చూశారు.

గోండులు నాగలి పట్టిన రైతులు. అయితే కొండల మీది తేలిక నేలలు ఏటా పండవు. కొన్నేళ్లు దున్ని, నీరసించాక కొన్నేళ్లు బీడు పెట్టి, మళ్లీ దున్నుతారు. బీడు పెట్టిన కాలంలో అక్కడ పొదలు, మొక్కలు మొలుస్తాయి. సర్వే వారు వచ్చిననాడు దున్ని ఉన్న చేనునే చేను అని రాశారు. బీడులో మొక్కలు కనబడితే అడవి అని రాశారు. ఆ విధంగా తాతల నాటి సాగుభూమిలో ఒక భాగం కాగితం మీద రిజర్వు ఫారెస్టు అయిపోయింది. నిలకడగా దున్నే భూమి చాలక, మిగిలిన కొద్ది చేనునే ఏటా దున్నితే ఆ నేల సారం చచ్చింది.

కొలాములు, నాయకపోడుల గతి ఇంకా అన్యాయం. వారు కొండ వాలుల్లో పోడు కొట్టి, గునపంతో గుంటలు చేసి గింజ నాటే వారు. పోడుకు లెక్కల్లో స్థానమే లేదు. హద్దులు గీసిన రోజున వారి కాళ్ల కింది నేల మొత్తం అడవి అయింది. గోండుల పొలాల్లో కూలీలుగానో, జంగ్లాత్ కూపుల్లో కూలీలుగానో మిగిలారు.

మరోవైపు అదే అడవిలో కలప, వెదురు కంట్రాక్టర్లకు దారులు తెరిచే ఉన్నాయి. కాజీపేట నుంచి బల్లార్షా వైపు రైలు పడింది. కాగజ్‌నగర్‌లో 1938లో స్థాపించిన సిర్పూర్ కాగితపు మిల్లుకు జిల్లా వెదురు కావలసి వచ్చింది. రోడ్డు పడిన చోటల్లా మైదానం నుంచి భూమి కోసం జనం వచ్చారు. నల్లరేగడి మీద పత్తి పండుతుందన్న సంగతి బయటివారికి తెలిసిపోయింది. అభివృద్ధి అన్నది గోండుల ఊరిదాకా వచ్చింది కానీ గోండుల ఇంట్లోకి రాలేదు.

భూమి చేజారింది కూడా ఈ సందుల్లోనే. చాలామంది గోండులు శివాయి జమాబందీ కింద, అంటే పట్టా లేకుండా ఏటా శిస్తు కట్టి సర్కారు భూమి దున్నేవారు. తాము శిస్తు కడుతున్నాము గనుక భూమి తమదేనని వారి నమ్మకం. పట్వారీ దఫ్తరులో మాత్రం వారికి హక్కు లేదు. బయటివాడు వచ్చి అదే భూమికి పట్టా రాయించుకుంటే ఒకనాడు ఉన్న రైతు మరునాడు కూలీ అయ్యేవాడు. ఉర్దూలో రాసిన కాగితం గోండుకు చదవరాదు. వేలిముద్ర వేయడం ఒక్కటే అతనికి తెలిసింది.

వేలం లేని పట్టాలు

నైజాం రెవెన్యూ పద్ధతిలో సర్కారు భూమిని ఇవ్వాలంటే మామూలుగా లావణి వేలం జరిగేది. ఎక్కువ పాడినవాడికి భూమి. చేతిలో రొక్కం లేని గిరిజనుడు వేలంలో షావుకారుతో పోటీపడే మాట కలలోది. లావణి ఖాస్ అనే మరో పద్ధతి నిబంధనల్లో ఉంది. అందులో వేలం లేకుండానే భూమి ఇవ్వవచ్చు. ఈ నిబంధనను గిరిజనుల కోసం వాడాలని హైమన్‌డార్ఫ్ వాదించారు.

ఆయన అదృష్టం కొద్దీ, గిరిజనుల అదృష్టం కొద్దీ, ఆ సమయంలో నైజాం మంత్రిమండలిలో రెవెన్యూ శాఖ చూస్తున్నది గ్రిగ్సన్. ఆయన అంతకు ముందు బస్తర్‌లో పనిచేసి, అక్కడి మరియా గోండుల మీద పుస్తకం రాసినవాడు. అడవి మనిషి సంగతి తెలిసిన అధికారి పైన, ఊళ్లో ఉండి లెక్కలు రాసే పండితుడు కింద. ఈ ఇద్దరి పొత్తు వల్ల కాగితాలు కదిలాయి.

ప్రత్యేకాధికారులను వేశారు. పట్టా లేకుండా దున్నుతున్న గిరిజనుల పేర్లు ఊరూరా రాశారు. కొన్నిచోట్ల రిజర్వు ఫారెస్టు హద్దులను వెనక్కి జరిపి, సాగుకు భూమి విడగొట్టారు. అప్పులపాలై పోయిన భూములను విచారించారు. 1940ల చివరికి జిల్లాలో 11 వేల పైచిలుకు గిరిజన రైతులకు సుమారు 1,60,000 ఎకరాలు పట్టా అయ్యాయి. వారిలో కొలాములు కూడా వెయ్యి మందికి పైగా ఉన్నారు. గోండులు ఇప్పటికీ హైమన్‌డార్ఫ్ దొర ఇప్పించిన పట్టాలు అని చెప్పుకునేవి ఇవే.

ఇదే కాలంలో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల కోసం ప్రత్యేకంగా ఒక ప్రాంతాన్ని కేటాయించాలన్న ఆయన సిఫారసును కూడా సర్కారు ఆమోదించింది. వేటాడి, దుంపలు తవ్వి, తేనె తీసి బతికే చెంచులకు ఎకరాల పట్టా ఉపయోగపడదు, అడవిలో తిరిగే హక్కు కావాలన్నది ఆయన గుర్తించిన తేడా. అందరికీ ఒకే కొలత పెట్టరాదని ఆయన పద్ధతి.

1356 ఫసలీ చట్టం

పట్టా ఇస్తే చాలదు, ఇచ్చిన పట్టా నిలవాలి. అందుకు చట్టం కావాలి. 1945 నుంచి హైమన్‌డార్ఫ్ గిరిజనులు, వెనుకబడిన తరగతుల వ్యవహారాల్లో నైజాం ప్రభుత్వ సలహాదారుగా నియమితులయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా కూడా ఉన్నారు. ఆయన సలహాల మీద 1356 ఫసలీలో, అంటే 1946లో, హైదరాబాద్ గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది.

గిరిజన ప్రాంతాలుగా ప్రకటించిన ఊళ్లలో మామూలు సివిలు కోర్టుల పెత్తనాన్ని తగ్గించడం, గిరిజన పంచాయతీలకు తగవులు తీర్చే అధికారం ఇవ్వడం, భూమి చేతులు మారడాన్ని కట్టడి చేయడం ఆ చట్టంలోని ముఖ్యాంశాలు. కోర్టులను పక్కన పెట్టడం వింతగా తోచవచ్చు. కానీ వకీలుకు ఇచ్చే పైకం లేనివాడికి, కోర్టు భాష రానివాడికి ఆ రోజుల్లో కోర్టు అంటే భూమి పోయే చోటే. పోలీసు చర్య తరువాత 1359 ఫసలీలో, 1949లో, ఈ రెగ్యులేషన్ కింద నిబంధనలు వెలువడ్డాయి.

బడి, దర్బారు

కాగితం చదవడం రానంతకాలం పట్వారీ చెప్పిందే చట్టమని హైమన్‌డార్ఫ్‌కు తెలుసు. అందుకే 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిపించారు. చదువు కొద్దిగా వచ్చిన గోండు యువకులను చేర్చుకుని, వారికి పాఠం చెప్పడం నేర్పి, ఊళ్లలో బడులు పెట్టించారు. గోండి భాషలోనే, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. పిల్లలు ముందు తల్లి భాషలో చదివి, తరువాత పైభాషకు పోవాలన్నది పద్ధతి. అక్కడ చదివిన వారిలో కొందరు పంతుళ్లయ్యారు, కొందరు పట్వారీలు, సర్కారు ఉద్యోగులయ్యారు. తమ కాగితాన్ని తమవాడే చదివి చెప్పే రోజు మొదటిసారి వచ్చింది.

కేస్లాపూర్ నాగోబా జాతర దర్బారు కూడా ఆ 1940లలో ఆయన చొరవతో మొదలైంది. పుష్య అమావాస్యకు మెస్రం వంశీయుల పూజ కోసం గోండులు నలుమూలల నుంచి వస్తారు. అంతమంది ఒకచోట చేరే రోజున అధికారులే అక్కడికి వెళ్లి అర్జీలు వినాలని ఏర్పాటు చేశారు. భీము అర్జీలు ఎవరూ వినకపోవడం వల్ల జరిగిన నష్టానికి ఇది జవాబు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ దర్బారు కొనసాగుతూ వచ్చింది.

తిరిగి వచ్చి చూస్తే

1949లో హైమన్‌డార్ఫ్ లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా విద్యల సంస్థలో చేరారు. 1951లో అక్కడ ఆచార్య పదవి పొందారు. నేపాల్‌లో షేర్పాల మధ్య చాలాకాలం పనిచేశారు. అయినా వీలు చిక్కినప్పుడల్లా మార్లవాయికి వచ్చేవారు. 1976లో పదవీ విరమణ చేసిన తరువాత బెట్టితో కలిసి నెలల తరబడి ఇక్కడ గడిపి, తాను ముప్పై ఐదేళ్ల కిందట చూసిన ఊళ్లనే మళ్లీ లెక్కగట్టారు.

లెక్క ఆయన మనసును కలతపెట్టింది. 1940లలో పట్టా పొందిన అనేక కుటుంబాల చేతుల్లో భూమి లేదు. బస్సు రోడ్డు పక్కన గోండుల ఊళ్లు బజారులయ్యాయి. దుకాణాలు, మంచి నల్లరేగడి చేలు బయటివారివి. గోండులు రాళ్ల నేలకో, కూలికో జరిగారు. పట్టా మాత్రం కొన్నిచోట్ల ఇంకా గోండు పేరిటే ఉంది. చేను దున్నేవాడు వేరు.

ఈలోగా చట్టాలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్ 1959లో వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికి వర్తింపజేశారు. అయినా గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికి భూమి చేతులు మారడానికి దారి ఉండేది. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, జనం నోట 1/70, ఆ దారి మూసింది. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి, కాదని నిరూపించుకునే బాధ్యత గిరిజనేతరుడిదే అని రాసింది. దేశంలోనే గట్టి చట్టాల్లో ఇది ఒకటి. కానీ చట్టం గట్టిదైనంత మాత్రాన అమలు గట్టిదవుతుందా? కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. గెలిచిన గిరిజనుడికి కాగితం చేతికొచ్చినా చేను చేతికి రాని ఉదంతాలు ఎన్నో.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్య మీద సభకు వస్తున్న గిరిజనుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారని ప్రభుత్వం ప్రకటించగా, మృతులు అంతకు చాలా ఎక్కువని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. జోడేఘాట్ జరిగిన నాలుగు దశాబ్దాలకు, అదే కారణం మీద, మళ్లీ తుపాకీ పేలింది. భారతదేశ గిరిజనుల మనుగడ పోరాటం మీద 1982లో వెలువడిన హైమన్‌డార్ఫ్ గ్రంథంలో ఆదిలాబాద్ ఊళ్ల సంగతులే ముఖ్యం. తాను పాటుపడి నిలబెట్టినది కూలిపోతూ ఉండగా ఆయన అందులో పేరుపేరునా లెక్క రాశారు.

ఎక్కడ తప్పింది

హైమన్‌డార్ఫ్ చేసినదంతా నిలిచిందని అనలేము. ఆయన పనిచేసింది రాజు కొలువులో. రాజ్యం మారగానే ఆ అధికారులు మారారు, ఆ పట్టుదల పోయింది. పంచాయతీలు, ప్రత్యేకాధికారులు, బడులు ఒకదానికొకటి ఆసరాగా కట్టిన ఏర్పాటులో ఒక గుంజ తీస్తే పందిరి ఒరిగింది. పోడు మీద బతికే కొలాములకు, నాయకపోడులకు గోండులకు అందినంతగా అందలేదు. పట్టా ఒక్కరి పేరిట ఇవ్వడం వల్ల అవసరానికి దాన్ని కుదువపెట్టే తోవ కూడా తెరుచుకుంది. పైనుంచి వచ్చిన మేలును ఊరు తనంతట తాను కాపాడుకునే బలం రాకముందే ఆయన వెళ్లిపోవలసి వచ్చింది.

భీము పోరాటం లేకుంటే హైమన్‌డార్ఫ్‌ను ఎవరూ పంపేవారు కాదన్నది కూడా మరువరాదు. పట్టా కాగితం మీద సంతకం అధికారిది. దాని వెల కట్టింది జోడేఘాట్ వారు.

అయితే ఆయన చూపిన మార్గంలోని సారం చెడలేదు. భూమి హక్కు ముందు తేల్చి, ఆ తరువాత అడవి హద్దు గీయాలి. సాగు అంటే నాగలి పడిన ఏడు మాత్రమే కాదు, బీడు ఉన్న ఏడు కూడా సాగే. వేటగాడికి, పోడు రైతుకు, నాగలి రైతుకు వేర్వేరు హక్కులు కావాలి. రైలు, మిల్లు, రోడ్డు వచ్చేముందు అక్కడివాడి భూమికి కట్టు కట్టాలి.

మార్లవాయి మట్టిలో

బెట్టి 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూశారు. ఆమె కోరిక మేరకు మార్లవాయిలో ఖననం చేశారు. గోండులు తమ ఇంటి ఆడపడుచుకు చేసినట్లే అన్నీ జరిపించారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో మరణించారు. తరువాత ఆయన అస్థికలను కుమారుడు మార్లవాయికి తెచ్చి తల్లి సమాధి పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న ఆ ఊళ్లో దంపతుల వర్ధంతి జరుగుతుంది. చుట్టుపక్కల గూడేల వారు, అధికారులు వస్తారు. తమ ఊరికి వచ్చిపోయిన దొరలు ఎందరో. ఊరి మట్టిలో కలిసినవారు మాత్రం ఈ ఇద్దరే.

ఆయన తరువాతి చట్టాలు

ఆయన మరణించిన తరువాత మూడు పెద్ద మార్పులు వచ్చాయి. 1996లో షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం గ్రామసభకు గుర్తింపు ఇచ్చింది. 1997 జూలై 11న సమత కేసులో సుప్రీం కోర్టు షెడ్యూలు ప్రాంతాల్లో సర్కారు భూమిని కూడా గనుల కోసం గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది. విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతపు గిరిజనుల నుంచి పుట్టిన కేసు ఇది. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల గుర్తింపు చట్టం చేసింది. 2005 డిసెంబర్ 13 నాటికి అటవీ భూమిని సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్లకు, అంటే సుమారు పది ఎకరాలకు మించకుండా హక్కు పత్రం ఇవ్వాలని అందులో ఉంది. ఆ హక్కు వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి వీల్లేదు. 1940ల పట్టాకు లేని కట్టు ఇది. హక్కు తేల్చే పని గ్రామసభలో మొదలవుతుంది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే రాష్ట్రవ్యాప్త పోడు పట్టాల పంపిణీ ప్రారంభమైంది.

అడవి వైపు నుంచి కూడా ఒత్తిడి ఆగలేదు. 1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల రిజర్వు అయింది. 2025 మేలో కవ్వాల్‌ను తడోబాతో కలిపే అడవిని కొమురం భీము పేరిట సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ ప్రభుత్వ ఉత్తర్వు వెలువడగా, గిరిజనుల నిరసనల నడుమ జూలైలో దాన్ని నిలిపివేశారు. పులికి చోటు కావాలి, మనిషికీ కావాలి. ఎవరి హద్దు ముందు గీయాలన్నదే నాటి ప్రశ్న, నేటి ప్రశ్న కూడా.

2006 చట్టం కింది నిబంధనల్లో గ్రామస్థులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. హక్కు రుజువుకు సర్కారు కాగితం ఒక్కటే గతి కాదు. ఊరి పెద్దల వాంగ్మూలం, పాత బావి, శ్మశానం, దేవర స్థలం, పాత పట్టా, శిస్తు రసీదు వంటివి కూడా సాక్ష్యమే. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలను కూడా ఆ నిబంధనలు సాక్ష్యాల్లో చేర్చాయి. ఏ ఊరు ఎక్కడ ఉందో, ఎవరు ఏ చేను దున్నారో హైమన్‌డార్ఫ్ 1941 నుంచి రాసిపెట్టిన లెక్కలకు గ్రంథాలయంలో కన్నా గ్రామసభలో ఎక్కువ పని ఉంది. ఇంటి దూలం మీద పాత లావణి పట్టా గానీ, శిస్తు రసీదు గానీ ఉన్నవారు దాన్ని చెదలు పట్టకుండా దాచుకోవడం మంచిది.